ప్యాడ్లు కొత్తవి, కీచు మాత్రం పాతదే: షిమ్‌లు, క్లిప్పులు ఇంటి దగ్గర మార్చుకోవచ్చా?

బెజవాడ_బండి
2014 స్విఫ్ట్, పెట్రోలు, 78 వేల కిలోమీటర్లు. ముందు చక్రాలకి కొత్త బ్రేకు ప్యాడ్లు వేయించి రెండు నెలలు కాలేదు. సిగ్నల్ దగ్గర మెల్లగా బ్రేకు తొక్కితే కీచుమని ఒకటే గోల, పక్క ఆటోవాడు తల తిప్పి చూస్తున్నాడు. గట్టిగా తొక్కితే రాదు. వేసిన మెకానిక్ దగ్గరికే మళ్లీ తీసుకెళ్తే ప్యాడ్లు ఊడదీసి ఎమరీ పేపర్ మీద రుద్ది, అంచులు ఆకురాయితో గీకి పంపించాడు. వారం బాగానే ఉంది, మళ్లీ మొదలు. పాత ప్యాడ్ల వెనక ఉండే రేకులు, అదే షిమ్‌లు, పారేశాడేమోనని నా అనుమానం. ఆ రేకులు, క్లిప్పులు విడిగా దొరుకుతాయా? పానాల సెట్టు, జాకీ ఉన్నాయి. ఇంటి దగ్గర అయ్యే పనేనా?

పానాపట్టు
అవుతుంది. ముందు చప్పుడు ఏ రకమో తేల్చుకోండి. మెల్లగా తొక్కితే వచ్చి, గట్టిగా తొక్కితే పోయేది ప్యాడ్ వణుకు. రేకు, గ్రీజు, క్లిప్పుల సంగతి. క్లిప్పులంటే ప్యాడ్ రెండు కొసల చెవులని గాడిలో పట్టి ఉంచే సన్న స్ప్రింగు రేకులు. బ్రేకు తొక్కకపోయినా చక్రం తిరిగినంతసేపూ సన్నగా ఈల వేస్తుంటే ప్యాడ్ అరిగిందని చెప్పే రేకు నాలుక డిస్కుకి తగులుతోందని అర్థం. గతుకుల మీద గలగలమని, బ్రేకు మీద కాలు ఆనించగానే ఆగిపోతే క్లిప్పులు వదులు. రివర్స్ చేసి ముందుకి వెళ్లి మొదటిసారి తొక్కినప్పుడు ఒక్కసారి 'టక్' మంటే ప్యాడ్ తన గాడిలో ఇటు నుంచి అటు జరుగుతోంది. గరగర అంటే మాత్రం నడపకండి, ఇనుము ఇనుముని తింటోంది.

మీది మొదటి రకం.

రాణిగంజ్_రెంచ్
ఎమరీ పేపర్ కొడితే పైన మెరుపు పొర పోతది, నాలుగు రోజులు సప్పుడు ఆగుతది. రోగం ప్యాడ్ ముందల లేదన్నా, వెనుక ఉన్నది. ముందు రుద్ది పంపుడు అంటే పంటి నొప్పికి చెంపకు జండూబామ్ పెట్టినట్టు.

డ్రమ్ము_బాబాయ్
ఆ రేకు లేకపోతే బండి ఆగదా ఏంటి? సగం టాక్సీల్లో రేకులు ఉండవు, లక్షల కిలోమీటర్లు తిరుగుతున్నాయి. చప్పుడొస్తే పాటలు పెంచుకోండి.

పానాపట్టు
బాబాయ్, ఆగడం ఆగుతుంది. కాని రేకు ఊరికే పెట్టింది కాదు. బ్రేకు తొక్కినప్పుడు ప్యాడ్ డిస్కుని పట్టి, జారి, పట్టి, జారి సెకనుకి వేలసార్లు వణుకుతుంది. ప్యాడ్ వెనక ఇనుప ప్లేటు నేరుగా దాన్ని తోసే పిస్టన్‌కి, కాలిపర్ (ప్యాడ్లని డిస్కుకి నొక్కే పట్టు) వేళ్లకి ఆనితే ఆ వణుకు కాలిపర్‌కంతా పాకి అది గంటలా మోగుతుంది. షిమ్ అంటే ఉత్త రేకు కాదు, రేకుకి రబ్బరు పొర అంటించి ఉంటుంది. తంబురా తీగ మీద వేలు ఆనిస్తే మోత ఎలా చస్తుందో ఇదీ అంతే. ఆ రబ్బరు వేడికి ఎండి పొరలుగా ఊడిపోయిన షిమ్, చూడ్డానికి రేకులా ఉన్నా పని చేయదు.

ఇక టాక్సీల మాట. రేకు లేకపోతే చప్పుడుతో పోతుంది గాని, క్లిప్పు లేకపోయినా తుప్పు పట్టినా ప్యాడ్ గాడిలో బిగుసుకుంటుంది. అప్పుడు బ్రేకు వదిలినా ప్యాడ్ డిస్కుని ఒరుసుకుంటూనే ఉంటుంది. మైలేజీ పడుతుంది, డిస్కు కాగుతుంది, ప్యాడ్ ఏటవాలుగా అరుగుతుంది. దానికి పాటల వాల్యూము మందు కాదు.

గోదారి_గేరు
నాదొక సందేహం. కొత్త ప్యాడ్లకి వెనక నల్ల రేకు ముందే అంటించి వస్తోంది. దాని మీద పాత షిమ్ కూడా పెట్టాలా?

రాణిగంజ్_రెంచ్
పెట్టొద్దు. అంటించి వచ్చినదాని మీద ఇంకోటి ఎక్కిస్తే మందం పెరిగి జాగ చాలదు. రెండు రేకుల నడుమ జారుడు మొదలైతది, సప్పుడు ఇంకా ఎక్కువ. ప్యాడ్ వెనుక ఉత్త ఇనుప ప్లేటు మాత్రమే ఉంటేనే షిమ్ విడిగ పెట్టాలె.

న్యూజెర్సీ_నాయుడు
ఒక మినహాయింపు. టయోటాలు కొన్నింటిలో కంపెనీ డిజైనే రెండు షిమ్‌లు, ఒకటి ప్యాడ్‌కి ఆని, ఇంకోటి దాని మీద, మధ్యలో పల్చగా గ్రీజు. అక్కడ రెండూ ఉండాల్సిందే. పాతది విప్పేటప్పుడు ఎన్ని ఉన్నాయో, ఏది లోపలికి ఏది బయటికో ఫోను కెమెరాలో తీసుకోండి.

బెజవాడ_బండి
సరే, ఏమేం కొనాలి? ఆటోనగర్ దగ్గరే, వెళ్తే అన్నీ ఒకేచోట దొరుకుతాయనుకుంటున్నా.

రాణిగంజ్_రెంచ్
ఛాసిస్ నంబరు రాసుకొని పో. మోడల్ పేరు చెప్తే కౌంటర్ల ఏదో ఒకటి ఇస్తరు, ఇంటికొచ్చినంక చెవులు కుదరవు. అడగాల్సినవి: ముందు చక్రాలకు ప్యాడ్ క్లిప్పుల సెట్టు, మీ ప్యాడ్లకు అంటించి లేకుంటే షిమ్‌లు, పిన్నుల (కాలిపర్ వీటి మీదనే జారుతది) రబ్బరు తొడుగులు చక్రానికి రెండు. క్లిప్పులు బండిని బట్టి చక్రానికి రెండు గాని నాలుగు గాని ఉంటయి. కొన్నిటికి ప్యాడ్ల డబ్బాలనే వస్తయి, డబ్బా అక్కడ్నే తెరిచి చూస్కో.

ఇవి గాక సిలికాన్ బ్రేకు గ్రీజు, వేడిని తట్టుకునే సిరామిక్ పేస్టు, బ్రేకు క్లీనర్ స్ప్రే ఒక డబ్బా, వైర్ బ్రష్షు, చదును ఆకురాయి, పెద్ద జీ క్లాంపు. బిగింపు కొలిచే టార్క్ రెంచ్ అద్దెకైనా తెచ్చుకో.

డ్రమ్ము_బాబాయ్
గ్రీజు గ్రీజే కదా. బేరింగులకి వాడే పసుపు గ్రీజు డబ్బా ప్రతి షెడ్డులోనూ ఉంటుంది.

విశాఖ_ఉప్పుగాలి
ఆ పసుపు గ్రీజే సగం కొంపలు ముంచింది బాబాయ్. పెట్రోలియం గ్రీజు తగిలితే బ్రేకుల రబ్బరు ఉబ్బుతాది. ఉబ్బిన తొడుగు, ఉబ్బిన బుష్షు పిన్నుని పట్టేస్తాయి. గ్రీజు పెట్టిన కొత్తలో పిన్ను వెన్నలా జారుతుంది, కొన్నాళ్లకి సుత్తితో కొట్టినా రాదు. రబ్బరు తగిలే చోట సిలికానే. ప్యాడ్ చెవులకి, షిమ్ వెనక్కి సిరామిక్. పెట్రోలు, కిరసనాయిల్‌తో కడగడం కూడా అందుకే వద్దు.

గోదారి_గేరు
రాగి గ్రీజు? అందరూ అదే చూపిస్తున్నారు వీడియోల్లో.

పానాపట్టు
ఉత్త ఇనుము మీద పని చేస్తుంది, పిన్నులకి మాత్రం పనికిరాదు. అల్యూమినియం కాలిపర్ అయితే, తడి తగిలినప్పుడు రాగి పక్కన అల్యూమినియం తొందరగా తినుకుపోతుంది. సిరామిక్ పేస్టు దొరుకుతున్నప్పుడు ఈ బాధంతా ఎందుకు?

ఇంకో మాట. మనవాళ్లు బ్రేకు ఫ్లూయిడ్‌ని 'బ్రేకు ఆయిల్' అంటారు గాని అది ఆయిల్ కాదు. డాట్ 3, డాట్ 4 గ్లైకాల్ జాతివి. ఆయిలే కదా అని ఇంజన్ ఆయిల్ చుక్క బ్రేకు ఫ్లూయిడ్ డబ్బాలో పడిందా, మాస్టర్ సిలిండర్ నుంచి చక్రం దాకా రబ్బర్లన్నీ పోతాయి.

పానాపట్టు
ఇక పని. ఓపిగ్గా చదవండి, ఒకేసారి రాసేస్తున్నా.

చదునైన గచ్చు మీద బండి పెట్టి, హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో ఉంచి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క మొద్దులు పెట్టండి. చక్రం నట్లు నేల మీద ఉండగానే అర చుట్టు వదులు చేయాలి, గాల్లో లేపాక కాదు. లేపిన తర్వాత స్టాండు పెట్టాల్సిందే. బండితో వచ్చిన జాకీ టైరు మార్చడానికే, దాన్ని నమ్మి చెయ్యి లోపల పెట్టకూడదు. స్టాండు లేదని ఇటుకలు పేర్చకండి, పగిలేముందు ఇటుక చెప్పదు. ఒక పక్క పూర్తిచేసి రెండో పక్కకి వెళ్లండి. ఏదైనా మరిచిపోతే రెండోది చూసి పెట్టుకోవచ్చు. స్టీరింగుని పని చేసే పక్కకి తిప్పితే కాలిపర్ వెనక బోల్టులు అందుతాయి.

పిస్టన్ వెనక్కి నెట్టినప్పుడు ఫ్లూయిడ్ పైకి వస్తుంది. బానెట్ తెరిచి ఫ్లూయిడ్ డబ్బాలో మట్టం చూడండి. నిండుగా ఉంటే పెద్ద సిరంజితో కొంత తీసేయండి. పెయింటు మీద పడితే పెయింటు లేస్తుంది, వెంటనే నీళ్లు పోయండి.

కాలిపర్‌కి రెండు పిన్ బోల్టులు, చాలావరకు చిన్న కార్లకి 12 లేదా 14 నంబరు పానా. బోల్టుతో పాటు పిన్నూ తిరుగుతుంటే దాని తలని పల్చటి పానాతో పట్టుకోండి. ప్యాడ్లు మాత్రమే మార్చేవాళ్లు కింది బోల్టొకటి విప్పి కాలిపర్‌ని పైకి తిప్పుతారు. క్లిప్పులు సరిగ్గా మార్చాలంటే రెండూ విప్పి, కాలిపర్‌ని తీగతో సస్పెన్షన్ స్ప్రింగుకి కట్టి, బ్రాకెట్ (ప్యాడ్లు కూర్చునే గాడులున్న చట్రం) కూడా దించాలి. కాలిపర్‌ని బ్రేకు గొట్టానికి వేలాడదీయవద్దు. గొట్టం లోపల చిరిగితే పైకి కనపడదు.

క్లిప్పు స్క్రూడ్రైవరుతో పైకి లేపితే వచ్చేస్తుంది. అసలు దొంగ దాని కింద ఉంటాడు, తుప్పు పొర. అది ఉబ్బి క్లిప్పుని లోపలికి తోస్తే గాడి ఇరుకవుతుంది. వైర్ బ్రష్షుతో, తర్వాత చదును ఆకురాయితో తుప్పు పోయేదాకా గీకండి. మెరిసే ఇనుము కనపడగానే ఆపండి, ఇనుము అరగదీస్తే గాడి వదులైపోతుంది. దుమ్ముని గాలి కొట్టి లేపకండి. ఏ ప్యాడ్‌లో ఏం కలిపారో మనకి తెలియదు, బ్రేకు క్లీనరుతో తడిపి గుడ్డతో తుడవండి.

కొత్త క్లిప్పు గాడిలో పూర్తిగా కూర్చోవాలి. దాని కింద గ్రీజు వద్దు. ఇప్పుడు ప్యాడ్‌ని ఉత్తదిగా పెట్టి వేలితో తోయండి, జారాలి. సుత్తి కావాల్సి వస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే. తుప్పు మిగిలి ఉండాలి, లేదా ప్యాడ్ చెవుల మీద పెయింటు మందంగా ఉండాలి. పెయింటు అయితే పెయింటు వరకే రెండుసార్లు ఆకురాయి వేయండి.

తర్వాత చెవులకి సిరామిక్ పేస్టు, తుడిచేశామా అన్నంత పల్చగా. షిమ్ విడిగా ఉంటే ప్యాడ్ ప్లేటుకీ దానికీ మధ్య పల్చటి పొర, పిస్టన్ ఆనే చోట ఉంగరంలా ఒక పూత. బయటి పక్క రబ్బరు పూత ఉన్న షిమ్ అయితే పైన ఏమీ రాయకండి. రాపిడి మేటర్ మీద, డిస్కు మీద వేలిముద్రంత గ్రీజు కూడా పడకూడదు. డిస్కుని చివర్లో క్లీనరుతో తుడవండి.

బెజవాడ_బండి
ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. పిన్నుల సంగతి?

విశాఖ_ఉప్పుగాలి
పిన్నులు లాగేముందు ఏది పైది, ఏది కిందిదో గుర్తు పెట్టుకో. చాలా బండ్లలో ఒకదాని కొసకి రబ్బరు బుష్షు ఉంటాది, అది దాని బొక్కలోకే పోవాల. మారిస్తే కొన్నాళ్లకి పట్టేస్తాది. పాత గ్రీజు బొక్క లోపలి నుంచి కూడా తీసేయ్, చీపురు పుల్లకి గుడ్డ చుట్టి క్లీనర్ కొట్టు. కొత్త గ్రీజు కందిగింజంత, పిన్ను పొడుగునా పామాల. దండిగా కూరితే గాలి లోపల చిక్కి పిన్ను వెనక్కి తన్నుకొస్తాది. అలా వస్తే తొడుగు పెదవి ఒకసారి లేపి గాలి వదిలేయ్.

సముద్రం పక్కనుంటే ఈ పని ప్యాడ్లు అరిగేదాకా ఆపొద్దు. బీచ్ పక్క అపార్ట్‌మెంటులో వానాకాలమంతా కదలకుండా పెట్టిన బండికి ప్యాడ్లు సగం మిగిలున్నా క్లిప్పుల కింద తుప్పు లేస్తాది. పొద్దున్నే మొదటి రెండు బ్రేకులకి వచ్చే గరగర వేరు, అది డిస్కు మీద తడి తుప్పు. దాని గురించి కంగారు పడక్కర్లేదు.

న్యూజెర్సీ_నాయుడు
ఉప్పుగాలి గారి మాటకి తోడు. ఇక్కడ చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ నీళ్లు నేరుగా కాలిపర్లకే కొడతాయి. అందుకే ప్యాడ్లు మార్చిన ప్రతిసారీ క్లిప్పులు కొత్తవే. పాతవి కడిగి పెట్టడం దండగ, వాటికి స్ప్రింగు బిగువు పోయి ఉంటుంది.

గోదారి_గేరు
లోపలి ప్యాడ్ 3 మిల్లీమీటర్లు, బయటిది 7 ఉంటే పిన్ను పట్టేసినట్టేనా?

రాణిగంజ్_రెంచ్
పిన్నే. పిస్టన్ లోపలి ప్యాడ్‌ను తోస్తది, కాలిపర్ జరగకపోతే బయటి ప్యాడ్‌కు పని తక్కువ.

న్యూజెర్సీ_నాయుడు
ఒప్పుకోను. పిస్టన్ వెనక్కి రాకపోయినా లోపలి ప్యాడే అరుగుతుంది. పిన్ను బిగిసిన చోటుని బట్టి బయటిది ఎక్కువ అరిగిన కేసులూ ఉంటాయి.

పానాపట్టు
ఇద్దరి మాటా నిజమే, వాదన కంటే పరీక్ష తేలిక. పిన్నులు చేత్తో లాగి చూడండి. రెండూ జారుతుంటే క్లాంపుతో పిస్టన్‌ని నెమ్మదిగా నొక్కండి. ఒకే బలంతో సాఫీగా పోతే పిస్టన్ బాగున్నట్టు. మొండికేస్తే, లేదా దాని రబ్బరు తొడుగు చిరిగి లోపల తుప్పు కనపడితే కాలిపర్ రిపేరుకి ఇవ్వాలి. అది ఇంటి పని కాదు. ఒకే ప్యాడ్ పైకొస ఒక మందం, కిందికొస ఒక మందం ఉంటే రెండు పిన్నుల్లో ఒకటి, లేదా గాడిలో ఒక కొస పట్టేసినట్టు.

రాపిడి మేటర్ 2 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఈ లెక్కలన్నీ మాని మొదట ప్యాడ్లు మార్చండి. డిస్కు కనీస మందం డిస్కు మీదే గుద్ది ఉంటుంది.

డ్రమ్ము_బాబాయ్
వెనక కూడా డిస్కులున్న పెద్ద బండ్లకీ ఇదే పద్ధతా? అడిగింది అల్లుడు, నేను కాదు.

పానాపట్టు
అల్లుడిని క్లాంపు పట్టుకోవద్దనండి. వెనక కాలిపర్‌లోనే హ్యాండ్ బ్రేకు ఉంటే చాలావాటిలో పిస్టన్‌ని తిప్పుతూ లోపలికి పంపాలి, దానికి వేరే టూలు ఉంటుంది. నొక్కితే లోపలి మర విరుగుతుంది. స్విచ్చుతో పని చేసే ఎలక్ట్రిక్ హ్యాండ్ బ్రేకు అయితే ముందు సర్వీసు మోడ్‌లో పెట్టాలి.

బెజవాడ_బండి
బిగింపు అంకెలు చెప్పండి, రేపు ఆదివారం మొదలుపెడుతున్నా.

పానాపట్టు
మీ బండి సర్వీసు మాన్యువల్ అంకే చివరి మాట. అంచనాకి, ఈ సైజు కార్లలో పిన్ బోల్టులు 25 నుంచి 35 న్యూటన్ మీటర్లు, బ్రాకెట్ బోల్టులు 85 నుంచి 110, చక్రం నట్లు 85 నుంచి 100 మధ్య. పిన్ బోల్టులు చిన్నవి, చక్రం నట్టులా కాలితో తొక్కి బిగిస్తే తెగుతాయి.

అన్నీ బిగించాక, ఇంజన్ వేయకముందే, పెడల్ గట్టిపడేదాకా పదిసార్లు తొక్కండి. పిస్టన్ వెనక్కి నెట్టాం కాబట్టి మొదటి తొక్కు నేలదాకా పోతుంది. ఇది మరిచి బండి తీస్తే గేటో గోడో ఆపాలి. ఫ్లూయిడ్ మట్టం మళ్లీ చూసి మూత పెట్టండి.

బెజవాడ_బండి
అయిపోయింది. నాలుగున్నర గంటలు. దొరికినవి చెప్తా, నవ్వకండి. ఎడమ చక్రం లోపలి ప్యాడ్‌కి అంటించి వచ్చిన రేకు మీద పాత షిమ్ కూడా ఎక్కించి ఉంది. కుడి పక్క కింది క్లిప్పు అసలు లేదు, ప్యాడ్ చెవి ఉత్త ఇనుము మీదే ఆడుతోంది, గాడిలో చెవి ముద్ర పడింది. కుడి కింది పిన్నుకి పసుపు గ్రీజు, తొడుగు ఉబ్బి బుడగలా ఉంది.

డ్రమ్ము_బాబాయ్
ఎడమ పక్క రెండు, కుడి పక్క సున్నా. సగటు తీస్తే సరిగ్గానే వేశాడు పాపం.

రాణిగంజ్_రెంచ్
గాడిల ముద్ర ఎంత లోతు? గోరు ఇరుక్కుంటదా?

బెజవాడ_బండి
గోరు తగులుతుంది, ఇరుక్కోదు. కొత్త క్లిప్పు గట్టిగా కూర్చుంది. తొడుగు, పిన్ను కొత్తవి వేశా.

రాణిగంజ్_రెంచ్
అయితే నడుస్తది. లోతు పడితే మాత్రం బ్రాకెట్ మార్చాలె. ఇప్పుడు ప్యాడ్లు డిస్కుకు కుదురుకునేటందుకు ఖాళీ రోడ్డు చూసుకొని 50 స్పీడు నుంచి 10 దాక మెల్లగ బ్రేకు, పూర్తిగ ఆపకుండ, ఎనిమిది పదిసార్లు. నడుమ నడుమ గాలి తగలనియ్యి. వేడి మీద బ్రేకు తొక్కి పట్టి నిలబడకు, ప్యాడ్ మేటర్ డిస్కుకు ఒక్కచోట అంటుకుంటది.

బెజవాడ_బండి
మూడు రోజులైంది. కీచు లేదు. కాని కుడి చక్రం ఎడమదానికంటే కొంచెం వేడిగా అనిపిస్తోంది. మొదటి రోజు నుంచీ అంతే.

విశాఖ_ఉప్పుగాలి
డిస్కు ముట్టుకోకు, కాలుద్ది. బ్రేకు పెద్దగా వాడకుండా ఐదారు కిలోమీటర్లు నడిపి, ఆపి, రెండు చక్రాల రింముల దగ్గర చెయ్యి పెట్టి పోల్చు. ఒకటి చెయ్యి పెట్టలేనంత ఉంటే పట్టేస్తున్నట్టు. తర్వాత ముందు చక్రం లేపి న్యూట్రల్‌లో చేత్తో తిప్పు. సన్నగా ఒరుసుకున్నా పర్లేదు, చేత్తో తేలిగ్గా తిరగాల.

బెజవాడ_బండి
తిప్పా. ఎడమది తేలిగ్గా తిరిగింది, కుడిది బరువుగా. మళ్లీ విప్పితే పైపిన్ను వెనక్కి తన్నుకొస్తోంది. కందిగింజ అన్నారు, నేను శనగగింజంత పెట్టినట్టున్నా. తుడిచి, తొడుగు లేపి గాలి వదిలాక ఇప్పుడు రెండూ ఒకేలా తిరుగుతున్నాయి.

పానాపట్టు
చక్రం విప్పారు కాబట్టి 100 కిలోమీటర్లు తిరిగాక నట్లు మరోసారి టార్క్ రెంచ్‌తో చూడండి. కుడి పిన్ బోల్టులు కూడా.